పిల్లల చేతికి పిడి: కంట్రోల్ లైన్ విమానాన్ని కలిసి తయారుచేయడం, కలిసి ఎగరవేయడం

కంట్రోల్ లైన్ విమానం అంటే, ఎగరవేసే మనిషి చేతిలోని పిడికి రెండు సన్నని తీగలతో కట్టి ఉండి, ఆ మనిషి చుట్టూ వలయంగా తిరిగే చిన్న నమూనా విమానం. ముందుకు సాగే బలాన్ని విమానంలోని ఇంజనో విద్యుత్ మోటారో ఇస్తుంది. తీగలు దాన్ని వలయం దాటిపోకుండా పట్టి ఉంచుతాయి, అంతకన్నా ముఖ్యంగా పైకి లేవమనో కిందికి దిగమనో పిడి ఇచ్చే ఆదేశాన్ని తోక దాకా చేరవేస్తాయి. సంక్రాంతికి గాలిపటం ఎగరవేసిన పిల్లలకు దారం బిగువు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి ఈ విద్యలో సగం అనుభూతి వారికి ముందే పరిచయమై ఉంటుంది. అయితే గాలిపటం గాలి దయమీద నిలుస్తుంది, ఈ విమానం తన వేగం మీద నిలుస్తుంది.

ఈ పద్ధతికి తొంభై ఏళ్లకు దగ్గరగా చరిత్ర ఉంది. 1930ల ద్వితీయార్ధంలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఓబా సెయింట్ క్లెయిర్ అనే ఔత్సాహికుడు 'మిస్ షిర్లీ' అనే నమూనాను తీగలతో తోకను నడిపే ఏర్పాటుతో ఎగరవేశాడు. అదే రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో అమెరికన్ జూనియర్ అనే సంస్థను నడిపిన జిమ్ వాకర్ 1940లలో 'ఫైర్‌బాల్' అనే నమూనాతో, 'యూ-కంట్రోల్' అనే పేరుతో దీన్ని దేశమంతటా ప్రచారం చేశాడు. జనం ముందు మూడు విమానాలను ఒకేసారి ఎగరవేసి చూపిన ఘనత కూడా అతనిదే. వాకర్ పొందిన పేటెంటు మీద 1955లో కోర్టులో వివాదం నడిచినప్పుడు, సెయింట్ క్లెయిర్ చేసిన పని అంతకు ముందుదని తేలింది. విమానాన్ని దూరం నుంచి నడిపే రేడియో పరికరాలు ఖరీదుగానూ బరువుగానూ ఉన్న ఆ కాలంలో బాలలకు తమ చేతితో నడపగలిగే విమానాన్ని అందించిన మార్గం ఇదే.

రేడియో పరికరాలు చవకైన ఈ కాలంలోనూ పిల్లలకు మొదటి విమానంగా దీనినే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. రేడియో పద్ధతిలో వేలి కదలికకూ విమానం కదలికకూ మధ్య స్పర్శ అనేదే ఉండదు. తీగల పద్ధతిలో విమానం బరువు, వేగం, గాలి తాకిడి అన్నీ అరచేతికి నేరుగా తెలుస్తాయి, పైగా పెద్దవారి చెయ్యి పిల్లల చేతితో పాటు అదే పిడిని పట్టుకోగలదు. ఈ రెండో సౌకర్యమే ఈ అధ్యాయానికి మూలం. ఒక పనిని పిల్లలకు అప్పగించడమంటే పూర్తిగా వదిలేయడమో పూర్తిగా తామే చేయడమో అనుకునే తల్లిదండ్రులకు, ఆ రెండింటి నడుమ పట్టును కొద్దికొద్దిగా సడలించడం ఎలాగో చేతులతో నేర్పే సాధనం ఇంతకన్నా స్పష్టమైనది మరొకటి దొరకడం కష్టం.

పని మొదలుపెట్టే ముందు విమానం లోపలి ఏర్పాటును పిల్లలకు బొమ్మ గీసి వివరించడం అవసరం. రెక్క మధ్యలో ఒక మేకు చుట్టూ తిరిగే చిన్న త్రికోణపు పలక ఉంటుంది, దానిని బెల్‌క్రాంక్ అంటారు. దాని రెండు కొనలకు కట్టిన తీగలు లోపలి రెక్క చివరి నుంచి, అంటే పిడి ఉన్న వైపు రెక్క నుంచి, బయటికి వస్తాయి. మూడో కొన నుంచి పుష్‌రాడ్ అనే గట్టి ఉక్కు కడ్డీ తోక దాకా వెళ్లి, ఎలివేటర్ అనే కదిలే పలకను పైకీ కిందికీ తిప్పుతుంది. పిడిని వెనక్కి వంచితే పై తీగ లాగబడుతుంది, బెల్‌క్రాంక్ తిరుగుతుంది, ఎలివేటర్ పైకి లేస్తుంది, తోక మీద పడే గాలి దాన్ని కిందికి నొక్కుతుంది, అందువల్ల ముక్కు పైకి లేచి విమానం ఎత్తుకు వెళుతుంది. ఈ గొలుసులో ప్రతి లంకె కంటికి కనిపించేదే. మూత విప్పినా అర్థం కాని యంత్రాల మధ్య పెరుగుతున్న పిల్లలకు, కారణం నుంచి ఫలితం దాకా వేలితో చూపగలిగిన యంత్రం ఒకటి చేతికి దొరకడం చిన్న విషయం కాదు.

మొదటి విమానానికి 'ప్రొఫైల్' నమూనా తగినది. అంటే పొట్ట భాగం పెట్టెలా కాకుండా ఒకే పలకతో కోసినది. రెక్క పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 60 సెంటీమీటర్లు, వెడల్పు 12 సెంటీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్ల దాకా ఉండే బాల్సా పలకతో మొత్తం బరువు 200 గ్రాములకు మించకుండా దీన్ని తయారుచేయవచ్చు. బాల్సా మధ్య, దక్షిణ అమెరికా అడవుల చెట్టు. ప్రపంచానికి ఈ కలపను ప్రధానంగా సరఫరా చేసేది ఈక్వడార్ దేశం. మన ఊళ్లలో దూది కోసం చూసే బూరుగు కూడా ఇదే కుటుంబానికి చెందినదని పిల్లలకు చెప్పవచ్చు. లీటరు ఘనపరిమాణం ఉన్న టేకు ముక్క సుమారు 650 గ్రాములు తూగితే, అంతే పరిమాణం గల మామూలు బాల్సా 160 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఒకే కొలతతో కోసిన రెండు బాల్సా పలకలు కూడా ఒకే బరువు ఉండవు కాబట్టి, వంటింటి తక్కెడ మీద వాటిని తూచి తేలికవి తోకకు, గట్టివి పొట్టకు కేటాయించే పనిని పిల్లలకే అప్పగించాలి. ఆ నిర్ణయం వారిది కావడం వల్ల విమానం మొదటి రోజు నుంచే వారిదవుతుంది.

తయారీలో పని పంపకం ముందే తేలాలి. పదునైన బ్లేడుతో కోయడం, సూపర్ గ్లూ వంటి క్షణాల్లో పట్టే జిగుర్లను వాడడం పెద్దవారి వంతు. ఆ జిగురు చర్మాన్ని అతికిస్తుంది, దాని ఆవిరి కళ్లను మండిస్తుంది. నమూనా గీత గీయడం, గరుకు కాగితంతో రుద్దడం, ఫెవికాల్ వంటి తెల్ల జిగురుతో అతికించడం, రంగు వేయడం పిల్లల వంతు. పదేళ్లు దాటి చెయ్యి నిలకడ ఉన్నవారికి ఇనుప స్కేలు ఆనించి, ఒకే గట్టి కోతకు బదులు నాలుగైదు తేలిక కోతలతో పలకను కోయడం పక్కన కూర్చుని నేర్పవచ్చు. గరుకు కాగితాన్ని చెక్క దిమ్మెకు చుట్టి, మొదట 120 నంబరుతోనూ తర్వాత 220తోనూ, చివరకు 320తోనూ రుద్దితే రెక్క ముందంచు గుండ్రంగా, వెనకంచు పలచగా తయారవుతుంది. ఈ పని చాలాసేపు పడుతుంది, పిల్లలు చేస్తే అంచు అక్కడక్కడా వంకరగా వస్తుంది; సరిగ్గా ఇక్కడే చాలామంది పెద్దలు ఆ దిమ్మెను తమ చేతిలోకి తీసుకుంటారు. అలా తీసుకోకూడదు. అంచు కొంచెం వంకరైనా విమానం ఎగురుతుంది, కానీ తాను మొదలుపెట్టిన పనిని మరొకరు పూర్తిచేశారన్న భావం పిల్లల మనసులో నిలిచిపోతే ఆ విమానం మీద వారికి మమకారం పోతుంది.

వంకరను సహించకూడని చోట్లు మాత్రం కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో పెద్దవారు పట్టుపట్టవలసిందే. రెక్క, తోక ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. విమానాన్ని ముక్కు వైపు నుంచి కంటి ఎత్తులో పట్టుకుని చూస్తే రెండూ ఒకే గీతలా కనిపించాలి. ఎలివేటర్ తన బరువుకే కిందికి వాలిపోయేంత వదులుగా కదలాలి, ఎందుకంటే బిగుసుకున్న ఎలివేటరును తీగల బిగువు తక్కువైన క్షణంలో పిడి కదిలించలేదు. బెల్‌క్రాంక్ మేకు కింద ఉండే పలుచని ప్లైవుడ్ ముక్కను ఎపాక్సీతో, అంటే రెండు గొట్టాల మిశ్రమాన్ని కలిపి వాడే గట్టి జిగురుతో అతికించాలి. గాలిలో విమానం లాగే బలమంతా ఆ ఒక్క మేకు మీదే పడుతుంది.

అన్నిటికన్నా సున్నితమైన విషయం గురుత్వ కేంద్రం, అంటే విమానం బరువు రెండు వైపులా సమంగా తూగే స్థానం. రెక్క అడుగున ఇటొకటి అటొకటి వేళ్లు ఆనించి విమానాన్ని నిలబెట్టినప్పుడు, రెక్క ముందంచు నుంచి వెడల్పులో పావు వంతు లోపే, అంటే 12 సెంటీమీటర్ల వెడల్పులో 3 సెంటీమీటర్ల లోపే అది సమంగా నిలవాలి. ఆ స్థానం వెనక్కి జరిగిన కొద్దీ విమానం చిన్న కదలికకే ఎగిరిపడుతుంది, ముందుకు ఉన్న కొద్దీ నెమ్మదిగా స్పందిస్తుంది. నేర్చుకునేవారికి నెమ్మదే మేలు. వెలుపలి రెక్క చివర 5 నుంచి 10 గ్రాముల బరువు అమర్చితే లోపలి రెక్కను కిందికి లాగే తీగల బరువుకు అది సమాధానమవుతుంది. నిలువు తోకను కొద్దిగా వలయం బయటివైపుకు తిప్పడం, తీగలు రెక్క నుంచి బయటికి వచ్చే రంధ్రాలను గురుత్వ కేంద్రానికి కాస్త వెనకగా ఉంచడం కూడా విమానం ముక్కును బయటికి చూసేలా చేసి తీగలను బిగుతుగా ఉంచే ఉపాయాలే.

ఆ బిగువు ఎందుకంత ముఖ్యమో లెక్కతో చూపితే హైస్కూలు పిల్లలకు పాఠ్యపుస్తకంలోని అభికేంద్ర బలం, అంటే తిరిగే వస్తువును కేంద్రం వైపు లాగి ఉంచే బలం, కళ్ల ముందు నిలుస్తుంది. తీగల పొడవు 10 మీటర్లు అయితే ఒక చుట్టు సుమారు 63 మీటర్లు. విమానం 5 సెకన్లలో ఒక చుట్టు తిరిగితే దాని వేగం గంటకు 45 కిలోమీటర్లు. 200 గ్రాముల విమానం అప్పుడు 320 గ్రాముల బరువు వేలాడినంత బలంగా చేతిని లాగుతుంది. అదే చుట్టుకు 7 సెకన్లు పడితే ఆ లాగుడు 165 గ్రాముల దగ్గరికి, అంటే దాదాపు సగానికి పడిపోతుంది. వేగం కొద్దిగా తగ్గినా బిగువు ఎక్కువగా తగ్గడానికి కారణం ఆ బలం వేగపు వర్గాన్ని అనుసరించి మారడమే. తీగలు సడలితే పిడి మాట తోకకు చేరదు కనుక, మొదటి విమానం మరీ నెమ్మదిగా ఎగిరితే మంచిదని అనుకోవడం పొరపాటు.

తీగలకు సన్నని ఉక్కు పురి గానీ, సాగని పోగులతో అల్లిన చేపలవేట దారం గానీ వాడాలి. ఒంటి పోగు నైలాన్ దారం సాగుతుంది కాబట్టి పనికిరాదు. పండగకు మిగిలిన మాంజాను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు, గాజుపొడి అద్దిన దారం బిగువులో ఉన్నప్పుడు మెడనైనా వేలినైనా కోస్తుంది. రెండు తీగలూ సరిగ్గా ఒకే పొడవు ఉండాలి. ఎగరవేసే ప్రతి రోజూ పెద్దవారు విమానాన్ని గట్టిగా పట్టుకుని, పిల్లలు పిడి వైపు నుంచి విమానం బరువుకు 10 రెట్లు, అంటే 200 గ్రాముల విమానానికి 2 కిలోల బలంతో లాగి చూడాలి. విన్యాసాల పోటీల్లో పాటించే పరీక్ష కూడా ఇదే. పిడికి కట్టిన పట్టీని మణికట్టుకు తొడుక్కోకుండా పిడిని పట్టుకోకూడదన్న నియమానికి మినహాయింపు లేదు.

బలం కోసం మొదటి విమానానికి విద్యుత్ మోటారు చాలు. నమూనా విమానాలకు అమర్చే గ్లో రకం చిన్న ఇంజన్లలో వాడే ఇంధనంలో ప్రధాన భాగమైన మిథనాల్ విషపదార్థం. విద్యుత్ మోటారుకు రెండు సెల్స్ ఉన్న చిన్న లిథియం పాలిమర్ బ్యాటరీ, మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం, నిర్ణీత సమయానికి మోటారును ఆపే టైమర్ ఉంటే సరిపోతుంది. ఆ బ్యాటరీని మంటకు అంటుకోని గచ్చు మీద, పెద్దవారు ఎదురుగా ఉన్నప్పుడే ఛార్జి చేయాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. ప్రొపెల్లర్ తిరిగే సమతలంలో ఎవరి ముఖమూ చెయ్యీ ఉండకూడదని, విమానాన్ని వెనక నుంచే పట్టుకోవాలని పిల్లల చేత చెప్పించి, చేయించి చూడాలి.

మైదానం ఎంపికలో మొదట తల ఎత్తి చూడాలి. కరెంటు తీగలకు కనీసం 50 మీటర్ల దూరం లేని చోట ఈ విమానాన్ని ఎగరవేయకూడదు. లోహపు తీగ విద్యుత్ లైనును తాకితే పిడి పట్టుకున్నవారికి ప్రాణాపాయం. ఉరుములు వినిపించే రోజున పిడి ముట్టుకోకూడదు. 10 మీటర్ల తీగలకు సుమారు 30 మీటర్ల వ్యాసం గల ఖాళీ స్థలం కావాలి, వలయం లోపలికి ఎవరూ రాకుండా బయట ఒకరు కాపలా ఉండాలి. వేసవిలో సూర్యోదయం తర్వాతి మొదటి గంట, శీతాకాలంలో మంచు విడిపోయిన వేళ గాలి నెమ్మదిగా ఉంటుంది. నైరుతి గాలులు జోరుగా వీచే జూన్, జూలై మాసాలు నేర్చుకునేవారికి తగవు.

మోటారు తిప్పే ముందు ఒక అభ్యాసం తప్పకుండా చేయించాలి. పిల్లలు మధ్యలో పిడి పట్టుకుని నిలబడితే, పెద్దవారు విమానాన్ని చేత్తో పట్టుకుని తీగలు బిగుతుగా ఉంచుతూ వలయం చుట్టూ నడవాలి; ఎలివేటర్ ఎటు కదిలితే విమానాన్ని అటు ఎత్తుతూ దించుతూ ఉండాలి. మణికట్టును విదిలించకుండా, మోచేతిని చాచి ఉంచి, భుజం నుంచి చేతినంతా పైకీ కిందికీ కదపడం ఈ నడకలోనే అలవడుతుంది. మణికట్టుతో నడిపే పిల్లల విమానం ఎగసి పడుతూ లేస్తూ చివరకు నేలను తాకుతుంది. చేతినంతా కదిపేవారి విమానం మెల్లగా వంపు తిరుగుతుంది. ఎలివేటర్ కదలికను మొదట్లో ఇటు 15 డిగ్రీలు, అటు 15 డిగ్రీల దగ్గర కట్టడి చేయడం కూడా ఇందుకే.

మొదటి ఎగురవేతకు మరొక పెద్దవారు విమానాన్ని పట్టుకుని వదలాలి. అపసవ్య దిశలో తిరిగే విమానాన్ని గాలి వీచే దిశలోనే పరుగెత్తేలా వదిలితే, లేచిన వెంటనే అది వలయంలో గాలి బయటికి నెట్టే భాగంలోకి చేరుతుంది, అక్కడ తీగలు బిగుతుగా ఉంటాయి. తల్లి గానీ తండ్రి గానీ పిల్లల వెనక నిలబడి, పిల్లల చెయ్యి మీద తమ చెయ్యి వేసి పిడిని ఇద్దరూ కలిసి పట్టుకోవాలి. ఇద్దరూ ఒకే వేగంతో విమానం వైపే తిరుగుతూ ఉండాలి. టైమరును 60 సెకన్లకు మించి పెట్టకూడదు, ఎందుకంటే 5 సెకన్లకు ఒక చుట్టు చొప్పున అప్పటికే 12 చుట్లు పూర్తవుతాయి, కొత్తవారికి తల తిరగడానికి అవి చాలు. వెనక కదిలే చెట్లను కాక విమానాన్నే చూస్తూ ఉంటే తల తిరగడం తగ్గుతుంది. తీగలు సడలినట్టు అనిపిస్తే విమానానికి దూరంగా వెనక్కి అడుగు వేయాలన్న ఒక్క ప్రతిచర్యను మాత్రం పిల్లలు ఆలోచించకుండానే చేసేలా నేర్పాలి.

ఆ తర్వాత పెద్దవారి చెయ్యి ఎప్పుడు తీయాలన్నది ఈ విద్యలోకెల్లా కష్టమైన నిర్ణయం. సిద్ధంగా ఉన్నారన్న గుర్తు పిల్లల మాటల్లో కాక పెద్దవారి అరచేతిలో తెలుస్తుంది: పిల్లల చెయ్యి పెద్దవారి చెయ్యి కన్నా ముందే సరైన వైపుకు కదులుతూ ఉంటే పెద్దవారి పట్టు ఇక అవసరం లేదు. మొదట పట్టు సడలించి చెయ్యి ఊరకే ఆనించి ఉంచాలి, తర్వాత మోచేతికి జరపాలి, తర్వాత భుజం మీదికి, చివరకు ఒక అడుగు వెనక్కి. ఇదంతా ఒక్క రోజులోనే జరగాలన్న తొందర ఉండకూడదు, జరిగితే ఆపవలసిన పనీ లేదు. చెయ్యి తీసిన తర్వాత అరుస్తూ సూచనలు ఇవ్వడం మానుకోవాలి. చెవికి వచ్చే మాట చేతికి చేరేలోపు విమానం పావు చుట్టు దాటిపోతుంది.

విమానం తప్పక పడుతుంది. ఈ మాటను తయారీ మొదటి రోజే పిల్లలకు చెప్పి ఉంచాలి, పడే విమానంగానే దాన్ని తయారుచేయాలి. అమెరికాలో కాక్స్ సంస్థ పిల్లల కోసం అమ్మిన పీటీ-19 అనే శిక్షణ విమానంలో రెక్కను, ఇంజన్ను రబ్బరు బ్యాండ్లతో కట్టేవారు. నేలను తాకిన విమానం విరిగిపోకుండా విడిపోయేది, మళ్లీ కట్టి ఎగరవేసేవారు. ఇంట్లో తయారయ్యే విమానానికి కూడా రెక్కను రబ్బరు బ్యాండ్లతో కట్టడం, ప్రొపెల్లర్లు నాలుగైదు అదనంగా ఉంచుకోవడం, రెక్క పలకలు రెండు జతలు ముందే కోసి పెట్టుకోవడం మంచిది. పడిన వెంటనే తప్పు ఎవరిదన్న విచారణ వద్దు. ముక్కలన్నీ ఏరడం, ఏది అతుకుతుందో ఏది కొత్తగా కోయాలో పిల్లల చేత చెప్పించడం, తర్వాత ఏం జరిగిందని అడగడం, ఈ వరుసలో సాగాలి. తెల్ల జిగురుతో అతికిన బాల్సా చాలాసార్లు పాత చోట విరగదు, కొత్త చోట విరుగుతుంది. ఎనిమిది అతుకులు పడి ఇంకా ఎగురుతున్న రెక్క, గాజు బీరువాలో పెట్టిన మచ్చలేని విమానం కన్నా విలువైనది.

సమతలంలో నిలకడగా చుట్లు తిరగడం వచ్చిన పిల్లలకు ముందున్న దారి పొడవైనది. నిలువుగా లేచి తల మీదుగా అటువైపు దిగడం, వర్తులం చుట్టడం, తలకిందులుగా ఎగరడం, అడ్డంగా ఎనిమిది అంకె వేయడం వరుసగా నేర్చుకోవచ్చు. అంతర్జాతీయ విమాన క్రీడా సమాఖ్య వేగం, విన్యాసాలు, జట్టు పరుగు, గాలిలో ఒకరి విమానం వెనక కట్టిన కాగితపు తోకను మరొకరు కోసే యుద్ధం అనే నాలుగు విభాగాల్లో ప్రపంచ స్థాయి పోటీలు నడుపుతుంది. మన దేశంలో ఈ విద్యను ఇప్పటికీ నిలిపి ఉంచినవారిలో ఎన్‌సీసీ వైమానిక విభాగం ముఖ్యమైనది. క్యాడెట్లకు ఇచ్చే ఏరోమోడలింగ్ శిక్షణలో కంట్రోల్ లైన్ ఒక భాగం, జాతీయ స్థాయిలో జరిగే అఖిల భారత వాయుసైనిక్ శిబిరంలో అది పోటీ అంశం కూడా. తెలుగు రాష్ట్రాల్లోని విద్యార్థులు కూడా ఆ శిబిరానికి వెళుతుంటారు కాబట్టి, దగ్గరలోని కళాశాలలోనో పాఠశాలలోనో ఎన్‌సీసీ వైమానిక విభాగం ఉంటే అక్కడి శిక్షకులను కలవడం ఉపయోగకరం.

ఇక మిగిలింది స్థలం. నగరాల్లో 30 మీటర్ల ఖాళీ నేల, దాని మీద తీగలు లేని ఆకాశం ఎక్కువగా పాఠశాలల ఆవరణల్లోనే మిగిలి ఉన్నాయి, ఆదివారం ఉదయం ఆ ఆవరణలకు తాళం పడి ఉంటుంది. వారానికి ఒక గంట ఆ తాళం తీయమని ప్రధానోపాధ్యాయులను అడగడానికి తల్లిదండ్రులు సంకోచించకూడదు, అడిగినవారికి ప్రధానోపాధ్యాయులు కాదనకూడదు.